ఏడుగురు ఇల్లాళ్ళు, ఎనభై రూపాయలు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



నలుగురు ఆడవాళ్ళు కలిసి ఒక పని మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. ఏ పేరంటంలోనో కూచున్నప్పుడు ఎవరో ఒకరు మాట ఎత్తుతారు. "మధ్యాహ్నం పూట ఊరికే కూచునే బదులు మనమంతా కలిసి ఏదైనా చేస్తే బాగుంటుంది కదా!" అంటారు. అందరూ ఔనంటారు. మంచిరోజు చూసి మండలి పెడతారు. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి అని ముగ్గుర్ని ఎన్నుకుంటారు. ఆర్నెల్లు ఉత్సాహంగానే సాగుతుంది. ఏడాది తిరిగేసరికి కుట్టుమిషను ఒకరింట్లో, చందాల పుస్తకం ఇంకొకరింట్లో మిగిలిపోతాయి. నిన్నటిదాకా వదినా, అక్కయ్యా అని పిలుచుకున్నవాళ్ళు గుళ్ళో ఎదురుపడ్డా మాట్లాడుకోరు.

పని చేతకాక ఇలా అవుతుందా అంటే, కానే కాదు. ఆవకాయ పెట్టడం, వడియాలు పెట్టడం, అప్పడాలు వత్తడం మనకి ఒకరు నేర్పాలా? మండలి విరిగేది పని దగ్గర కాదు, మూడు మాటల దగ్గర. "నేనెక్కువ చేశాను, ఆవిడ తక్కువ చేసింది" అనేది మొదటి మాట. "ఆ డబ్బు ఏమైంది?" అనేది రెండోది. "పెత్తనమంతా ఆవిడదేనా?" అనేది మూడోది. ఈ మూడింటికీ ముందే సమాధానం చెప్పుకోని ఏ సంఘమూ నిలవదు. "మంది ఎక్కువైతే మజ్జిగ పలచన" అని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

కాని ఆ సామెతని అబద్ధం చేసినవాళ్ళు వున్నారు. మంది ఏడుగురి నుంచి వేలకి పెరిగినా మజ్జిగ పలచన కాకుండా చూసుకున్నారు. వాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు కారు, డబ్బున్నవాళ్ళు అంతకంటే కారు. మనలాంటి ఇల్లాళ్ళే. ఇవాళ వాళ్ళ కథ చెబుతాను.

అది 1959వ సంవత్సరం. అప్పటి బొంబాయిలో గిర్‌గామ్ అనే పేట వుంది. అక్కడ లోహాణా నివాస్ అని పాత భవనాల సముదాయం. అందులో కాపరం వున్నవాళ్ళు ఎక్కువగా మధ్యతరగతి గుజరాతీ కుటుంబాలవాళ్ళు. మగవాళ్ళ సంపాదన ఇల్లు గడవడానికి బొటాబొటీగా సరిపోయేది. పొద్దున్నే వాళ్ళు పనుల్లోకి, పిల్లలు బళ్ళోకి వెళ్ళిపోయాక, ఇంటి చాకిరీ ముగించుకున్న ఆడవాళ్ళకి కొంచెం తీరిక దొరికేది. బయటికి వెళ్ళి ఉద్యోగం చెయ్యడానికి చదువు లేదు. చేతిలో వున్న విద్య వంట ఒక్కటే.

మార్చి 15వ తేదీన ఏడుగురు ఇల్లాళ్ళు ఆ మేడ మీద డాబా పైన చేరి అప్పడాలు వత్తారు. వాళ్ళ పేర్లు ఒకసారి చెప్పుకుందాం: జస్వంతీబెన్ పోపట్, పార్వతీబెన్ థోడానీ, ఉజమ్‌బెన్ కుండలియా, బానుబెన్ తన్నా, లాగుబెన్ గోకానీ, జయాబెన్ విఠలానీ, దివాళీబెన్ లుక్కా. గుజరాతీలో 'బెన్' అంటే అక్కచెల్లెలు. వాళ్ళ పెట్టుబడి 80 రూపాయలు. అదీ సొంతం కాదు, అప్పు. సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో సభ్యుడైన ఛగన్‌లాల్ కరమ్‌సీ పారేఖ్ అనే సంఘసేవకుడు ఇచ్చాడు. ఆయన్ని అందరూ ఛగన్‌బాపా అనేవారు. ఆ డబ్బుతో, నష్టాల్లో నడుస్తున్న ఒకాయన అప్పడాల వ్యాపారాన్నీ, దానికి సంబంధించిన సామాన్లనీ తీసుకున్నారు.

మొదటిరోజు తయారైనవి నాలుగు పొట్లాలు. పురుషోత్తమ్ దామోదర్ దత్తానీ అనే ఆయన వాటిని అమ్మిపెట్టడానికి సాయపడ్డాడు. భులేశ్వర్ బజారులో తెలిసిన వర్తకుడి దుకాణంలో అమ్మకం మొదలైంది.

ఆ మొదటి రోజుల్లోనే వాళ్ళొక నిర్ణయం చేసుకున్నారు. నష్టం వచ్చినా సరే, ఎవరి దగ్గరా విరాళం తీసుకోకూడదని. ఇది గమనించండి. మనం సంఘం పెట్టగానే మొదట చేసే పని చందాల పుస్తకం అచ్చువేయించడం. చందా తెచ్చిన డబ్బు మీద ఎవరికీ బాధ్యత వుండదు. అది ఖర్చయితే "పోనీలే" అనుకుంటాం. అప్పు తెచ్చిన డబ్బు అలా కాదు. తిరిగి కట్టాలి గనక ప్రతి పైసా లెక్కలోకి వస్తుంది. ఆ 80 రూపాయలూ అప్పు కావడం ఆ సంఘానికి మేలే చేసిందని నాకనిపిస్తుంది.

మూడు నెలలు తిరిగేసరికి ఏడుగురు పాతికమంది అయ్యారు. మొదటి ఏడాది అమ్మకం 6,196 రూపాయలు. ఇరుగుపొరుగువాళ్ళు చెప్పుకోగా విని కొందరు, గుజరాతీ పత్రికల్లో చదివి కొందరు వచ్చారు. విరిగిన అప్పడాలని చుట్టుపక్కల ఇళ్ళలో పంచేసేవారు.

ఇక వానాకాలం వచ్చింది. బొంబాయి వానలంటే తెలుసు కదా! అప్పడం ఎండేదెలా? ఆ మొదటి సంవత్సరం నాలుగు నెలలపాటు పని ఆపేశారు. రెండో సంవత్సరం మాత్రం ఆపలేదు. ఒక మంచం కొన్నారు, ఒక స్టవ్వు కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్వు వెలిగించి పెట్టారు. ఆ వేడికి అవి ఎండాయి. దీనికి ఏ ఇంజనీరూ రానక్కర్లేదు. వానాకాలంలో చంటిపిల్లల గుడ్డలు కుంపటి మీద ఆరబెట్టిన చేతులకి తట్టే ఉపాయమే అది. పనివాళ్ళకి ఆలోచన చెప్పే హక్కు వుంటే ఇలాంటివి తడతాయి. "చెప్పింది చెయ్యి" అన్నచోట తట్టవు.

రెండో ఏడు నూటికి పైబడ్డారు, మూడో ఏటికి మూడువందలు దాటారు. డాబాలు చాలలేదు. అప్పుడు ఒక కొత్త పద్ధతి పెట్టారు. పిండి మాత్రం ఒకచోట కలుపుతారు. ఆ ముద్దని తూచి ఒక్కొక్కరికీ ఇస్తారు. ఎవరింటికి వాళ్ళు తీసుకుపోయి, వత్తి, ఎండబెట్టి, మర్నాడు తెచ్చి అప్పగిస్తారు. అక్కడ తూకం, పరీక్ష, ఆ పైన పొట్లాలు కట్టడం. ఈనాటికీ అదే పద్ధతి. ముంబయిలో తెల్లవారుజామున చిన్న బస్సులు తిరిగి ఈ సోదరీమణుల్ని ఎక్కించుకుంటాయి. పిండి తీసుకుని, నిన్నటి అప్పడాలు ఇచ్చి, డబ్బు తీసుకుని, ఇంట్లో పిల్లలు బడికి తయారయ్యే వేళకి తిరిగి వచ్చేస్తారు.

ఈ ఏర్పాటు ఇల్లాలి రోజుని చూసి చేసింది. ఇల్లు విడిచి ఎనిమిది గంటలు రమ్మంటే రాగలిగేవాళ్ళు ఎందరు? పనినే ఇంటికి పంపారు గనక వేలమంది రాగలిగారు. సంఘం నడిపేవాళ్ళు మొట్టమొదట తెలుసుకోవలసింది ఇదే. తమ దగ్గరికి వచ్చే మనిషికి ఏ వేళ వీలు, ఏ వేళ వీలు కాదు అని.

ఇప్పుడు నేను మొదట చెప్పిన మూడు మాటల సంగతి చూద్దాం.

"నేనెక్కువ చేశాను" అన్నది మొదటిది. వాళ్ళు రెండు లెక్కల్ని విడదీశారు. వత్తుడు కూలి వేరు, లాభం వేరు. కూలి తూకాన్ని బట్టి ఇస్తారు. ఎవరు ఎన్ని కిలోలు వత్తితే అంత డబ్బు. ఇంట్లో జబ్బుమనిషి వుండి ఒకరు తక్కువ చేశారనుకోండి, వాళ్ళకి తక్కువ వస్తుంది, అంతే. దానిమీద దెప్పుడు లేదు. లాభం మాత్రం అందరికీ సమానమే. నిన్న చేరినావిడకీ, పాతికేళ్ళ కిందట చేరినావిడకీ ఒకటే వాటా. అంతా సమానమని కూలి కూడా సమానంగా పంచివుంటే కష్టపడేవాళ్ళకి కడుపు మండేది. లాభం కూడా పనిని బట్టే ఇచ్చివుంటే అది మామూలు ఫ్యాక్టరీ అయ్యేది, "మనది" అనే మాట పోయేది. రెండూ కలగలపకుండా వుంచడంలోనే వుంది అసలు కిటుకు.

ఇంకొక సంగతి. ఈ పనిలో చేరాలంటే ఇంట్లో అప్పడాలు ఆరబెట్టుకోవడానికి శుభ్రమైన చోటు వుండాలి. ఒకే గదిలో ఆరుగురు కాపరం వుండే ఇళ్ళలో అది ఎక్కడ దొరుకుతుంది? అలాంటివాళ్ళని పొమ్మనలేదు. పిండి కలపడం, తూచడం, పరీక్ష చెయ్యడం, పొట్లాలు కట్టడం లాంటి పనులు వాళ్ళకిచ్చారు. పనికి తగిన మనిషిని వెతకడం అందరూ చేస్తారు. మనిషికి తగిన పని వెతికి పెట్టడం కొందరే చేస్తారు.

రెండోది డబ్బు మాట. మొదట్లో వాళ్ళు రెండు రకాల అప్పడాలు చేశారు, మేలురకం ఒకటి, చవకరకం ఒకటి. ఛగన్‌బాపా వద్దన్నాడు. ఒకటే రకం చెయ్యండి, దాని నాణ్యం ఎప్పుడూ తగ్గనివ్వకండి అన్నాడు. ఇది దానధర్మం కాదు, వ్యాపారం, కాబట్టి లెక్కలు పద్ధతిగా రాసుకోండి అని కూడా చెప్పాడు. ఆ మాట వాళ్ళు పట్టుకున్నారు. ఏ రోజు కూలి ఆ రోజే చేతికిస్తారు. సరుకు అరువుకి ఇవ్వరు. లెక్కల పుస్తకం సభ్యురాలైన ఎవరైనా చూడవచ్చు. అనుమానం పుట్టడానికి చీకటి కావాలి. పుస్తకం నలుగురి మధ్యా తెరిచి పెడితే అనుమానానికి చోటెక్కడ?

నాణ్యం సంగతి మరీ ముఖ్యం. వెయ్యిమంది వెయ్యి ఇళ్ళలో వత్తిన అప్పడం ఒకే రుచిగా వుండాలంటే మాటలా? మన ఇంట్లో తోడికోడళ్ళిద్దరు చేసిన పులుసు ఒక్కలా వుండదు! అందుకని మినపపప్పు, ఇంగువ, మిరియాలు అన్ని శాఖలకీ కలిపి కేంద్రంలోనే కొంటారు. ఒక్కొక్క శాఖలో పిండి కలిపేది ఒకచోటే. తెచ్చిన అప్పడాలని పరీక్ష చేసి గాని తీసుకోరు. ఒకరి నిర్లక్ష్యం అందరి పేరునీ చెడగొడుతుందని అందరికీ తెలుసు. పేరు అంటే గుర్తొచ్చింది. 1962లో తమ అప్పడాలకి ఒక పేరు పెట్టాలని పోటీ పెట్టారు, బహుమతి అయిదు రూపాయలు. ధీరజ్‌బెన్ రూపారెల్ అనే ఆవిడ చెప్పిన 'లిజ్జత్' అన్న మాట నెగ్గింది. గుజరాతీలో రుచి అని అర్థం. ఉర్దూ తెలిసిన మన హైదరాబాదు వాళ్ళు 'లజ్జత్' అంటారు, ఆ మాటే ఇది. ఔనండీ, కిరాణా కొట్లో మనం అడిగి తెచ్చుకునే లిజ్జత్ పాపడ్ కథే నేనింతసేపూ చెబుతున్నది!

మూడోది పెత్తనం మాట. సంఘం పేరు శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్. 1966 జులైలో సొసైటీగా రిజిస్టరు చేశారు. అప్పటి ఖాదీ, గ్రామోద్యోగ కమిషన్ అధ్యక్షుడు ఢేబర్ గారికి ఛగన్‌బాపా ఈ సంగతి చెప్పగా, ఆ సెప్టెంబరులోనే కమిషన్ గుర్తింపు వచ్చింది. 8 లక్షల రూపాయల నిర్వహణ పెట్టుబడి, పన్నుల మినహాయింపు కూడా వచ్చాయి. అంత డబ్బు వచ్చినప్పుడు సంఘాలు తలకిందులైపోవడం మనం చూస్తూనే వున్నాం. ఇక్కడ కాలేదు. ఎందుకంటే అప్పటికే కట్టుబాట్లు గట్టిపడివున్నాయి.

ఆ కట్టుబాట్లు ఇవి. ఇందులో యజమాని లేదు, నౌకరు లేదు. చేరిన ప్రతి ఆడమనిషీ భాగస్వామే. పద్ధెనిమిదేళ్ళు నిండివుండాలి. కులం, మతం చూడరు. చేరేటప్పుడు ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం చెయ్యాలి. మగవాళ్ళు జీతానికి పనిచెయ్యవచ్చు, డ్రైవర్లుగా, లెక్కలు రాసేవాళ్ళుగా, కాపలావాళ్ళుగా. సభ్యులు మాత్రం కాలేరు. 21 మందితో నిర్వాహక సంఘం. ఒక్కొక్క శాఖకీ ఒక సంచాలిక. వీళ్ళంతా సభ్యురాళ్ళలోంచి వచ్చినవాళ్ళే. నిర్ణయాలు అందరి అంగీకారంతో జరగాలి. ఏ సభ్యురాలైనా "ఇది నాకు సమ్మతం కాదు" అని అడ్డుచెప్పే హక్కు వుంది.

ఇలా అయితే పని సాగుతుందా, ఒక్కరు కాదంటే ఆగిపోదా అని మీకు సందేహం రావచ్చు. ఆగుతుంది, నిజమే. కాని అడ్డు చెప్పే హక్కు వున్న మనిషి వెనకాల గొణగదు. మన మండళ్ళని తినేసేది సభలో లేచి అన్న మాట కాదు, సభ అయ్యాక వీధి గుమ్మం దగ్గర నిలబడి అనుకునే మాట.

పైకి వచ్చే దారి కూడా కింది నుంచే వుంది. స్వాతి పరాద్కర్ అనే ఆవిడ పదేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకుంది. తల్లి అప్పడాలు వత్తి సంసారం ఈదుతుంటే, పక్కన కూచుని తానూ చెయ్యి వేసింది. తరవాత ఎన్నో మెట్లెక్కి ఈ సంస్థకే అధ్యక్షురాలైంది. పీట ముందు కూచున్న చేతులకి తెలుసు, పిండి గట్టిగా కలిపితే భుజం ఎంత నొప్పి పెడుతుందో. అలాంటి మనిషి చేసిన నిర్ణయాన్ని మిగతావాళ్ళు నమ్ముతారు.

అంతా తీయగానే జరిగిందని చెప్పను. 1961లో మలాడ్‌లో శాఖ పెట్టబోతే నిలవలేదు. అగ్గిపుల్లలు, అగరువత్తులు లాంటివి కూడా ప్రయత్నించి వదిలేశారు. అప్పడాలు వత్తడం సుఖమైన పని కూడా కాదు. గంటలతరబడి నేలమీద కూచోవాలి, నడుము పట్టేస్తుంది. ఇంటి చాకిరీ తగ్గదు, దానిమీద ఇది అదనం. ఇంట్లో చేసే పని గనక పనిగా లెక్కకు రాదేమోనన్న వాదన కూడా వుంది. అది ఆలోచించవలసిన మాటే. కాని తన చేతికి తన కష్టార్జితం ప్రతిరోజూ వచ్చే ఆడదాని మాటకి ఇంట్లో వుండే విలువ వేరు. పిల్ల చదువు మానిపించాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఫీజు కట్టగలిగిన తల్లి మాట నెగ్గుతుంది.

1962-63లో లక్షా ఎనభై రెండు వేల రూపాయల అమ్మకం వున్న సంస్థ, 2019 నాటికి 1,600 కోట్లకి చేరింది. 1968లో గుజరాత్‌లోని వాలోడ్‌లో శాఖ పెట్టారు. ఆ తరవాత దేశమంతటా ఎనభైకి పైగా శాఖలయ్యాయి, సుమారు 45 వేలమంది సభ్యురాళ్ళయ్యారు. 2021లో జస్వంతీబెన్‌కి పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆవిడ తొంభై ఏళ్ళు పైబడిన వృద్ధురాలు. ఏడుగురిలో ఒకరిగా మొదలుపెట్టిన మనిషి, తలుచుకుంటే మొదటి రోజుల్లోనే "ఇది నాది" అనగలిగివుండేది. అనలేదు. ఆ అనకపోవడమే ఆవిడ నాయకత్వం.

మన రాష్ట్రాల్లోనూ ఈ దారి తెలియనిది కాదు. 1982లో దేశంలో డ్వాక్రా పథకం మొదలైన తరవాత, మన పల్లెల్లో వేలాది పొదుపు సంఘాలు వెలిశాయి. వాటిలో నిలిచినవాటిని చూడండి. అందరూ గుండ్రంగా కూచుంటారు, పుస్తకం మధ్యలో వుంటుంది, ఎవరెంత కట్టారో అందరి ముందూ చదువుతారు. సంతకం చెయ్యడం అక్కడే నేర్చుకున్న తల్లులు ఎందరో!

అంచేత సోదరీమణులారా, రేపు మీ పేటలో నలుగురు కలిసి ఏదైనా తలపెట్టినప్పుడు, ప్రెసిడెంటు ఎవరా అన్న ప్రశ్నని చివరికి వాయిదా వెయ్యండి. ముందు ఈ నాలుగు సంగతులు ఒక కాగితం మీద రాసుకోండి. పనికి ఎంత, లాభంలో ఎంత? లెక్కల పుస్తకం ఎక్కడ వుంటుంది, ఎవరు చూడవచ్చు? సరుకు బాగాలేకపోతే, అది చేసింది మన వదినగారే అయినా సరే, వెనక్కి ఇచ్చే ధైర్యం మనకుందా? ఇష్టంలేని మాటని సభలోనే చెప్పుకునే వీలుందా? వీటికి సమాధానాలు అందరూ ఒప్పుకున్నాక, అధ్యక్షురాలి కుర్చీలో ఎవరు కూచున్నా ఒకటే.

ఎనభై రూపాయల అప్పు ఎక్కడైనా దొరుకుతుంది. ఒకరినొకరు నమ్మగలిగే ఏర్పాటు మాత్రం బయట దొరకదు, మనమే చేసుకోవాలి.